గోడమీది డప్పు

నవలలు రాసేవాళ్ళకి వచ్చే ఉత్తరాలు మూడు రకాలు. కథానాయికని ఎందుకు చంపారని కన్నీళ్ళు పెట్టుకునేవి ఒక రకం. ఆ కథానాయిక మా పిన్ని కూతురే, మీకెవరు చెప్పారని నిలదీసేవి రెండో రకం. మూడో రకం బహు అరుదు. అది తప్పు పట్టుకునే ఉత్తరం. ఇరవై ఏళ్ళుగా రాస్తున్న నాకు అలాంటిది ఒక్కటే వచ్చింది. అదీ ఒక డప్పు గురించి.

రాసింది డిగ్రీ చదువుతున్న అమ్మాయి. రాయించింది వాళ్ళ తాత. హన్మకొండకి బస్సులో గంట దూరంలో వాళ్ళ ఊరు. నా సీరియల్ వారం వారం ఆ అమ్మాయి తాతకి చదివి వినిపించేదట. ఉత్తరంలో రెండు పొగడ్తలయ్యాక అసలు సంగతి వచ్చింది.

"అమ్మా, మీ కథల దొర సచ్చిన రాత్రి జోరువాన కొట్టిందని రాసిండ్రు. ఆ వానలనే డప్పులు దిక్కులు పగిలేటట్టు మోగినయని గూడ రాసిండ్రు. మా తాత నవ్విండు. వానల తోలు డప్పు ఎట్ల మోగిందో అడిగి రాయమన్నడు."

నిజం చెప్పొద్దూ, నాకు ముందు కోపమే వచ్చింది. ఆ పేరా అంటే నాకు మహా ఇష్టం. ఒక సభలో దాన్ని పైకి చదివి వినిపిస్తే చప్పట్లు కూడా కొట్టారు. వాన, చీకటి, పాడె, డప్పు... అన్నీ కుదిరాయనుకున్నాను. బి.ఏ.లో తెలుగు సాహిత్యం చదివినదాన్ని, వర్ణన ఎలా చేయాలో నాకు తెలియదా! తీరా ఆలోచిస్తే నాకు తెలియనిది వర్ణన కాదు, డప్పు.

అప్పుడు గుర్తొచ్చాడు మా మరిది. అతని ఇల్లు మా ఇంటి పై అంతస్తే. ఉద్యోగం బ్యాంకులో, ప్రాణం డ్రమ్ముల్లో. చిన్నప్పుడు స్కూలు బ్యాండులో సైడ్ డ్రమ్ము వాయించాడు. ఆ మోజు తీరక ఇప్పుడు పాత వాద్యాలన్నీ పోగుచేస్తాడు. హాల్లో ఒక గోడ పొడుగునా డప్పు, ఒగ్గు డోలు, జమిడిక, పగిలిన మృదంగం, ఒక కంజీర. గాజు అల్మరాలో మాత్రం అమెరికా నుంచి తెప్పించుకున్న ఒకే ఒక స్నేర్ డ్రమ్ము. దానికి మేం ఎవరం చెయ్యి తగిలించకూడదు. మా తోడికోడలు దుమ్ము కూడా దులపకూడదు.

అతనిలాంటివాళ్ళు మన ఊళ్ళో నలుగురు, హైదరాబాదులో ఇంకో పది మంది ఉన్నారు. ఆదివారాలు కలుసుకుంటారు. వాళ్ళ మాటలు వింటే నాకు మన పాత పట్టుచీరల ముచ్చట్లే గుర్తుకొస్తాయి. ఇది అసలు జరీయేనా, అంచు మార్చారా, కొంగు రంగు వెలిసిందా అని మనం అడగమూ! వాళ్ళూ అంతే. పైరంగు అప్పటిదేనా, ఇనుప కడ్డీలు అప్పటివేనా, కొత్తగా రంధ్రం ఏమైనా పొడిచారా అని ఆరా తీస్తారు. కొలతలిచ్చి కొత్తగా చేయించుకునే డ్రమ్ములూ ఉంటాయి. అది కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టు లాంటిదన్నమాట.

1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ బృందం అమెరికా టెలివిజన్‌లో పాడిందట. రింగో స్టార్ ముందున్న పెద్ద డ్రమ్ము మీద 'లుడ్విగ్' అనే కంపెనీ పేరు కోట్లమంది చూశారు. ఆ తరవాత ఆ కంపెనీకి ఆర్డర్లు అందుకోవడమే గగనమైపోయింది. ఇప్పుడు ఆ కాలపు డ్రమ్ములకే ఈ వెర్రి గిరాకీ. ఈ కథ మా మరిది చెప్పడం, నేను వినడం కనీసం పదిసార్లు జరిగి ఉంటుంది. పదకొండోసారి ఉత్తరం పట్టుకుని నేనే వెళ్ళాను.

"వానలో డప్పు మోగదా?" అన్నాను.

"మోగదు వదినా. తోలు చెమ్మ పీల్చుకుని సడలిపోతుంది. పాశ్చాత్యులకీ అదే బాధ ఉండేది. వాళ్ళ డ్రమ్ములకి కూడా దూడ తోలే కదా! 1950ల చివర్లో ప్లాస్టిక్ పొరలు వచ్చాకే వాళ్ళు వానకి భయపడటం మానేశారు" అన్నాడు.

"మరి నా సీరియల్ చదివినప్పుడు చెప్పలేదేం?"

అతను తల గోక్కున్నాడు. చదవలేదని అర్థమైంది. సరే, అది వేరే విమర్శ.

ఆ తాతనీ మనవరాలినీ ఒకసారి రమ్మని జవాబు రాశాను. దసరా వెళ్ళాక ఒక ఆదివారం వచ్చారు. ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. భుజాన గుడ్డసంచిలో తన డప్పు. గేటు దగ్గర చెప్పులు విడిచి అక్కడే నిలబడ్డారు. లోపలికి రండి అంటే ఒకసారి మా అత్తమ్మ వంక చూశారు. అత్తమ్మ ఏమీ అనలేదు. కాదని అనలేదు, రమ్మనీ అనలేదు. నేనే మళ్ళీ పిలిచి, మరిది ఇంటికి పైకి తీసుకెళ్ళాను.

గోడ చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఎవరింటి పెళ్ళిఫోటోలో తనవాళ్ళని వెతుక్కునే మనిషిలా ఒక్కొక్క వాద్యం దగ్గరా ఆగారు. జమిడిక దగ్గర, "ఇది బైండ్లోళ్ళది. ఎల్లమ్మ కథ చెప్తరు" అన్నారు. డోలక్కి మల్లే రెండువైపులా తోలు ఉండదు దీనికి. బోలు గొట్టానికి ఒక పక్కనే తోలు, ఆ తోలు మధ్యలోంచి ఒక నరపు తీగ. తీగని లాగి మీటుతుంటే బిగువునిబట్టి ధ్వని పెరుగుతుంది, తగ్గుతుంది. మనిషి గొంతులా మూలుగుతుంది. ఓరుగల్లు వీధుల్ని వర్ణించిన 'క్రీడాభిరామం'లో ఏకవీరాదేవి ఎదుట నిలబడి పరశురాముడి కథలు పాడే బవనీలవాడు కనిపిస్తాడు. ఆ బవనీల వారసులే నేటి బైండ్లవారని పండితులు చెబుతారు. నేను ఆ కావ్యం పరీక్ష కోసం చదివాను. వాద్యాన్ని మాత్రం మా మరిది గోడ మీదే మొదటిసారి చూశాను. ఎల్లమ్మ గుడి మా కాలేజీకి అర మైలు దూరంలో ఉండేది.

తరవాత ఆయన డప్పు దగ్గరికి వచ్చారు. వేలితో ఒక్కసారి తట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"దీనికేం రాసిండ్రు సారూ?"

మా మరిది గర్వంగా, "వార్నిష్. పురుగు పట్టకుండా రెండు కోటింగులు వేయించాను. అలా మెరుస్తోంది చూడండి" అన్నాడు.

"మెరుస్తది. ఇగ పలుకది."

చూశారా, అమెరికా డ్రమ్ముకి అప్పటి పైరంగు గీరితే పాపమని తెలిసిన మనిషి, మన డప్పు తోలుకి మాత్రం తలుపుకి కొట్టినట్టు వార్నిష్ కొట్టించాడు. అది పాతవస్తువు, ఇది అలంకారం. వాద్యం అని రెండోదాన్ని ఎన్నడూ అనుకోలేదు. అతన్ని అని ఏం లాభం? నా నవలలో నేను చేసిందీ అదే. వాతావరణం బాగుండాలని గోడకి తగిలించినట్టు పేరాలో ఒక డప్పు తగిలించాను.

ఆయన తన డప్పు తీశారు. డాబా మీద నాలుగు ఎండుపుల్లలు, పాత న్యూస్‌పేపర్లు పోగేసి మంట పెట్టారు. డప్పుని సెగకి దగ్గరగా పట్టుకుని తిప్పుతూ మధ్యమధ్య వేలితో తట్టి వింటారు, మళ్ళీ తిప్పుతారు. సంగీత కచేరీలో మృదంగం వాయించే ఆయన చిన్న రాయితో అంచుల మీద కొట్టి శ్రుతి చేసుకోవడం మనం గౌరవంగా చూస్తాం. డప్పుకి ఈ సెగే ఆ శ్రుతి. మొదట 'బద్ బద్' మన్నది కాసేపట్లో 'ఠంగు'మంది. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచారు.

ఎడమ భుజాన వేసుకుని, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల, కుడి చేతిలో లావుపాటి సిర్ర పట్టుకున్నారు. దెబ్బంతా సిర్రదే అనుకున్నాను. కాదట. సిర్ర మాట చెబితే సిటికెన పుల్ల ఊకొడుతుందట. రెండు దెబ్బల మధ్య ఖాళీని నింపేది ఆ సన్నపుల్లే. అది లేకపోతే డప్పు కాదు, తలుపు తట్టినట్టు ఉంటుందన్నారు ఆయన.

పెళ్ళి ఊరేగింపు దెబ్బ వాయించారు. జాతర దెబ్బ వాయించారు. ఊళ్ళో చాటింపు వేసేటప్పటి దెబ్బ వాయించారు. ఒక్కొక్కటీ ఒక్కో నడక. మూడోది మొదలయ్యేసరికి మా అత్తమ్మ మెట్లెక్కి వచ్చి పైమెట్టు మీద కూచున్నారు. మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళుగా డాబా ఎక్కని మనిషి!

"చావు దెబ్బ ఎలా ఉంటుంది?" అని అడిగాను. రచయిత్రిని కదా, కావలసింది అదే.

"ఇంటి మీద కొట్టద్దమ్మా" అన్నారు. సిర్ర కింద పెట్టేశారు. ఆయన సిగ్గుపడలేదు, నేనే సిగ్గుపడ్డాను.

ఆ తరవాత టీ తాగుతూ, ఏమీ విశేషం లేనట్టు ఒక మాట అన్నారు. "మీ మామగారి సావుకు నేనే వచ్చిన. మేం అయిదుగురం. ఆ రోజు గూడ వానే. సగం తొవ్వల అందుకున్నది. డప్పులు సంచిల పెట్టుకొని వట్టిగనే నడిచినం."

మామగారు పోయి తొమ్మిదేళ్ళు. ఆ రోజు నాకు బాగా గుర్తుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. వాన గుర్తుంది. తడిసిన పూలు గుర్తున్నాయి. నా నవలలోని రాత్రి ఆ రోజులోంచే వచ్చింది. డప్పులు చివరిదాకా మోగాయనే గుర్తు! మోగలేదట. వానలో చప్పుడు లేకుండా అయిదుగురు మనుషులు మా ముందు నడిచారు. వాళ్ళ ముఖాలు నేను చూడలేదు. చూసి ఉంటే ఆయన గేటు దగ్గర నిలబడినప్పుడే గుర్తుపట్టేదాన్ని. వాళ్ళని చూడనిదాన్ని, వాళ్ళ మౌనం మాత్రం ఎలా వింటాను? ఖాళీగా ఉన్న చోట నాకు తెలిసిన చప్పుడు పెట్టేసుకున్నాను.

విమర్శ అంటే ఇదే గదా అనిపించింది. ఆ పేరా మీద వచ్చిన సమీక్షలు శైలి గురించి మాట్లాడాయి. ఈయన ఒక్కరే అక్కడ ఏం జరిగిందని అడిగారు.

నా తప్పు నేను ఒప్పుకున్నాను కాబట్టి, ఇక ఇతరుల తప్పు కూడా రెండు మాటలు అంటాను. మన సాహిత్యంలో చప్పుడుకేం కొదవలేదు. మన పాలకుర్తి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో ఎన్ని వాద్యాల పేర్లు గుదిగుచ్చాడో లెక్కపెడితే ఊపిరాడదు. కాకతి గణపతిదేవుడి గజసైన్యానికి నాయకుడైన జాయప సేనాని 1253-54లో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దాన్ని తెలుగులోకి తెచ్చారు. ఎనిమిది అధ్యాయాలు. నాలుగు మార్గ నృత్తానికి, నాలుగు దేశి నృత్తానికి. ఏనుగుల్ని నడిపించే ఆయన కాలివేలి కదలిక దగ్గర కూడా తొందరపడడు. పేరణి, రాసకం, చిందు, కందుకం, కోలాటం... జనం ఆడే ఆటల్ని శాస్త్రం పక్కన కూచోబెట్టిన పెద్దమనసు ఆయనది. ఈయనే 'వాద్యరత్నావళి' కూడా రాశాడంటారు. అది దొరకలేదు. ఆడే కాళ్ళ గురించిన పుస్తకం మిగిలింది, ఆడించే చేతుల గురించిన పుస్తకం పోయింది!

పోతే పోయింది, రాయి ఉందిగదా అంటారు. ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో నాట్యకత్తెల పక్కన మద్దెలలవాళ్ళు ఉన్నారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. మొన్న వెళ్ళినప్పుడు చూశాను. తడితే సరిగమలు పలుకుతుందనే శిల్పం దగ్గర గుంపు. మదనికల దగ్గర సెల్ఫీలు. మద్దెలవాడి చేతివేళ్ళు ఎక్కడ ఆగాయో చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. నేను మాత్రం? నాలుగుసార్లు వెళ్ళి అయిదోసారి చూశాను.

ఆ శిల్పాలనీ జాయప గ్రంథాన్నీ ముందుపెట్టుకుని నటరాజ రామకృష్ణగారు పేరిణిని మళ్ళీ నిలబెట్టారు. అది సామాన్యమైన పని కాదు. పేరిణికి పాటకన్నా మద్దెలే ప్రాణం. అలాంటిది ఈమధ్య ఒక సభలో పేరిణి చూశాను. పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. మద్దెల మాత్రం పెన్‌డ్రైవులోంచి వచ్చింది. ఒక అబ్బాయి కాలు తడబడితే దరువు ఆగి వాడికోసం చూడలేదు. ఎదురుగా మనిషి ఉంటే ఒక్క క్షణం సర్దుకునేవాడు. వాద్యగాడికి ఇచ్చే డబ్బు మిగుల్చుకుంటే ఆటకి తోడు లేకుండా పోతుంది.

మనకి వాయించేవాడైనా కనిపిస్తాడు, చేసేవాడు బొత్తిగా కనిపించడు. టి.ఎం. కృష్ణగారు 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం ఇంగ్లీషులో రాశారు. మృదంగం చేసేవాళ్ళ గురించి. ఏ తోలు ఏ వైపుకి, ఏ గాయకుడి శ్రుతికి ఏ కొలత అని చెవితో తేల్చుకునే పనివాళ్ళు వాళ్ళు. ఎక్కువమంది దళితులు. పూజించి ముట్టుకునే వాద్యం వాళ్ళ చేతుల్లోంచే వస్తుంది. కచేరీ ఆహ్వానపత్రం మీద మాత్రం వాళ్ళ పేరుండదు. ఆడవాళ్ళ గొంతు శ్రుతి ఎక్కువ కాబట్టి మనకి పక్కవాద్యంగా చిన్న మృదంగం కావాలన్న సంగతి కూడా ఆ చేతులకి తెలుసు. ఆడవాళ్ళే మృదంగం వాయిస్తే ఎలా ఉంటుందో విజయవాడ నిడుమోలు సుమతిగారు చూపించారు. 2021లో ఆమెకి పద్మశ్రీ వచ్చింది. ఇలాంటివి కథల్లోకి రావాలి. మేం రాయడం లేదు. వానలో డప్పులు మోగిస్తూ కూచున్నాం.

మరి సేకరించేవాళ్ళ మాటేమిటి? వాళ్ళని వెక్కిరించి ఊరుకోవడం న్యాయం కాదు. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారి వంటివాళ్ళు ఊళ్ళు తిరిగి వాద్యాలు సేకరించి 'మూలధ్వని' పేరుతో చూపించకపోతే, వాటిలో కొన్నిటి పేర్లు కూడా మనకి తెలిసేవి కావు. వాద్యంతోపాటు దాన్ని పట్టుకునే కులాన్నీ, కథనీ కలిపి చూపించడం అక్కడ ఉంది. మా మరిది గోడ మీద లేనిది అదే. ఒగ్గు డోలు ఉంది. కాని ఆ డోలు వెనక మల్లన్న కథ లేదు, ఆ కథని దేశమంతా వినిపించిన చుక్క సత్తయ్యగారి పేరు లేదు. ఆయన ఊరు మన జనగామ దగ్గర మాణిక్యాపురమే. కోయ డోలు కొట్టి సమ్మక్క సారలమ్మల చరిత్ర పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. డోలు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, డబ్బుంటే కొనుక్కోవచ్చు. ఆయన నోట ఉన్న పాటని ఏ దుకాణంలో కొంటాం?

ఇంతా విని, పోతే పాత డప్పులే గొప్పవి, కొత్తవి చెడ్డవి అని నేను అంటానేమో అనుకుంటున్నారా? నేనూ అలాగే అనబోయాను. "ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయట, పాపం తోలు డప్పు పోయినట్టేనా?" అని జాలిగా అడిగాను.

ఆయన నవ్వారు. "నా మనుమడు దానితోనే బతుకుతుండు. తేలిక. మంట వెట్టుడు లేదు. వానల గూడ మోగుతది. మీ కథల రాసినట్టే!"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. మాటలు ముగించి మళ్ళీ ఆయనే అన్నారు, మంట చుట్టూ కూచున్నప్పుడే తను పిల్లగాడిగా దెబ్బలన్నీ నేర్చుకున్నానని. డప్పులు వెచ్చబడేదాకా పెద్దవాళ్ళకి వేరే పని ఉండేది కాదు కదా! ఇప్పుడు ఆ తీరిక లేదు. మనవడు నాలుగు దెబ్బలు ఫోనులో చూసి నేర్చుకున్నాడట. తాత దగ్గర ఇరవై దాకా ఉన్నాయి.

మా మరిది ఆ వార్నిష్ డప్పుకి కొత్త తోలు వేసిపెట్టమని అడిగాడు. ఆయన ధర చెప్పారు. మా మరిది బేరమాడాడు. అమెరికా స్నేర్ డ్రమ్ముకి ఓడ ఖర్చులతో సహా కిమ్మనకుండా కట్టిన మనిషి, మూడొందల రూపాయల దగ్గర బేరమాడాడు. నేను అతని వంక చూశాను. అంతకంటే ఎక్కువగా మా అత్తమ్మ చూశారు. "ఇచ్చెయ్యరా" అన్నారు. ఆ తరవాత ఆయనకేసి తిరిగి, "ఆ రోజు మిమ్ముల అన్నం తినిపొమ్మన్నరా ఎవరన్న?" అని అడిగారు.

"లేదమ్మా. వాన కదా" అన్నారు ఆయన.

అత్తమ్మ మరేం మాట్లాడలేదు. దిగివెళ్ళి వంటింట్లో స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. ఆ పూట వాళ్ళిద్దరూ భోంచేసే వెళ్ళారు. తొమ్మిదేళ్ళ ఆలస్యం ఒక్క భోజనంతో తీరుతుందని నేను అనను. తీరినట్టు రాస్తే అది మళ్ళీ వానలో డప్పే అవుతుంది.

మా మరిది ఇప్పుడు నెలకొకసారి ఆ ఊరు వెళ్ళి ఆయన దెబ్బలు రికార్డు చేస్తున్నాడు. ఏ దెబ్బ ఎప్పుడు కొడతారో ఆ అమ్మాయి నోటుపుస్తకంలో రాస్తోంది. గోడ మీద వాద్యాల కింద చీటీలు వెలిశాయి. చేసినవారు, వాయించినవారు, ఊరు. సగం చీటీలు ఖాళీగానే ఉన్నాయి. కొన్నప్పుడు అడగలేదు మరి.

నా నవల పుస్తకంగా వస్తోంది. ఆ పేరా దిద్దాను. "డప్పులు దిక్కులు పగిలేలా మోగాయి" కొట్టేసి, "వాన అందుకోగానే డప్పులు సంచుల్లోకి వెళ్ళాయి. అయిదుగురూ చప్పుడు లేకుండా ముందు నడిచారు" అని రాశాను. పబ్లిషరుగారు ఫోన్ చేసి, పాత వాక్యమే గంభీరంగా ఉందే అన్నారు. ఉండనివ్వండి అన్నాను.

డప్పు ఇంకా తోలు వేయించుకుని తిరిగి రాలేదు. ఖాళీగా ఉన్న ఆ మేకుకి మా తోడికోడలు ప్రస్తుతానికి క్యాలెండరు తగిలించింది.